చంకలో ఫ్లాస్కు

నా ఫారంలో పద్నాలుగు గడులున్నాయి.
గుండీలు పెట్టుకోవడం, పళ్లు తోముకోవడం,
చెంచాతో సూపు ఒలక్కుండా తాగడం.
ప్రతి గడి పక్కనా సున్నా నుంచి మూడు దాకా మార్కులు.

హిమేనాకి పదిహేనేళ్లు.
చక్రాల కుర్చీ వీపునిండా ఫుట్‌బాల్ క్లబ్బు స్టిక్కర్లు.
ఎడమ మోచెయ్యి చిన్నప్పటినుంచీ మడతపడి
పక్కటెముకలకి అతుక్కునే ఉంటుంది.
కుడి చెయ్యి, ఎవరో వెనకనుంచి పిలిచినట్టు
ఊరికే ఉలిక్కిపడుతుంది.

"గుండీలు నాకెందుకు నేలిదా?
టీషర్టులు కనిపెట్టారుగా."

మరేం కావాలి నీకు?
అడిగానంతే.
ఆరేళ్లలో అది మొదటిసారని
ఇంటికెళ్లే బస్సులో గానీ తట్టలేదు.

"మాతె నేను పొయ్యాలి," అంది.

మోంతేవిదేవోలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు.
పిడికెడు సొరబుర్రలో చేదాకు, వేన్నీళ్లు, అందరికీ ఒకటే గొట్టం,
సాయంత్రం నది ఒడ్డు గోడమీద
చేతినుంచి చేతికి.
పోసేది మాత్రం ఒక్కరే.
ఎవరి తర్వాత ఎవరో ఆ ఒక్కరికే తెలుసు.

"నాకెప్పుడూ ఇస్తారు," అంది,
"గొట్టం నోటిదాకా తెచ్చి మరీ ఇస్తారు.
నన్నెవరూ ఏదీ ఇమ్మని అడగరు."

ఈ మాటకి నా దగ్గర గడి లేదు.

చల్లనీళ్లతో మొదలుపెట్టాం.
మొదటివారం నేల తాగింది, నా చెప్పులు తాగాయి,
పక్కబల్ల మీది ఎవరి ఫైళ్లో కూడా కొంచెం తాగాయి.
బుర్ర దొర్లకుండా నడుముకి సైకిల్ ట్యూబు ముక్క కట్టాను.
వాళ్ల తాత ఎవారిస్తో, ఓడలు బాగుచేసిన మనిషి,
కొలతలడక్కుండానే కుర్చీచేతికి చెక్క బిగించి
గుండ్రంగా కన్నం తొలిచాడు.
నేనేమో పిడి ఫ్లాస్కు, బరువు ఫ్లాస్కు, పంపు ఫ్లాస్కు తెప్పించాను.
పంపుదాన్ని చూసి
"ఆస్పత్రిలా ఉంది" అని మొహం తిప్పుకుంది.

ఒక మంగళవారం విసుగెత్తి
నా సొంత ఫ్లాస్కు లాక్కుని
ఆ మడతచేతి సందులో దోపుకుంది.

కదల్లేదది.

కిటికీ అవతల బస్టాపులో ఏడుగురున్నారు.
ఏడు ఎడమచేతులూ మడిచి, ఏడు చంకల్లో ఫ్లాస్కులు.
ఈ దేశం అలాగే నడుస్తుంది, అలాగే నిలబడుతుంది,
ఓటెయ్యడానికీ అలాగే పోతుంది.
ఆ చేతిని చాపాలని నేను
బద్దలు కట్టాను, వేడి మైనం పూశాను,
సూదులు వేయించాను,
రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని పట్టీలు రాసిచ్చాను.
చంకన బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికాను.

పట్టీలు తప్పని అనను.
ఎముక పెరుగుతుంటే కండ బిగుసుకుంటుంది, అదీ నిజమే.
ఇంకా కడుతూనే ఉన్నాం, ఇంకా తిడుతూనే ఉంది.

కుడిచెయ్యి ఎగరకుండా తొడకింద పెట్టి దానిమీద కూర్చుంది.
చేత్తో కాదు, నడుముతో వంగి పోసింది.
వేన్నీళ్ల దగ్గర వెనకాడింది నేనే.
ప్రమాదాలకి వేరే ఫారం ఉంటుంది.
వాళ్లమ్మ సంతకం పెట్టి
పెన్ను చాలాసేపు తిరిగివ్వలేదు.

నవంబరు ఆదివారం. నదిమీంచి ఒకటే గాలి.
మొదటి చేదు పోసేవాళ్లది.
తనే తాగింది, మొహం చిట్లించకుండా.
తర్వాత మాగెలా, తర్వాత కవలలిద్దరూ.
బ్రౌలియో ముందే చెయ్యి చాపితే
"నీ వంతు కాదు" అంది.
వాడి వంతులో వాడి బూటుమీద కాస్త ఒలికింది.
వాడో బూతుమాటన్నాడు,
ఎవర్నయినా అన్నట్టే.
హిమేనా మొహం చూడాలి అప్పుడు.

కన్నంలోంచి బుర్ర తీసుకుని నేనూ తాగాను.
గ్రాసియాస్, నాలుక చివరిదాకా వచ్చింది.
ఈ వలయంలో ఆ మాటకి
ఇక చాలు, నాకొద్దు అని అర్థం.
మింగేశాను.
బుర్రను దాని కన్నంలో పెట్టి
మళ్లీ నా వంతు కోసం
నలుగురి వెనక కూర్చున్నాను.